మూడో నంబరు ట్యాంకుకు సీమంతం

తెలుగు భాషకు నేను చేసిన సేవ ఒకే ఒక్క మాట. ఆ మాటకు నాకు ఒక శాలువా, ఒక రాగి జ్ఞాపిక, రెండు మెమోలు దక్కాయి. జ్ఞాపికలోని రాగి మా ప్లాంటులో తీసింది కాదు, బజారులో కొన్నది. మా ప్లాంటులో రాగి తీయడం అప్పటికే ఆగిపోయింది. ఆగడానికి కారణం కూడా నా మాటే కాబట్టి, నా సేవ ఏపాటిదో మీరే ఊహించుకోవచ్చు.

మాది ప్రభుత్వ ఖనిజ నిక్షాళన ప్రయోగ కేంద్రం. విజయనగరం దాటి కొండల వైపు గంటన్నర పోతే జీడితోటల మధ్య రేకుల షెడ్లు కనిపిస్తాయి, అదే. నిక్షాళనం అంటే ఏమిటో అని బెంగపెట్టుకోకండి. ఇంట్లో చింతపండు నానబెట్టి పులుసు పిండుతారు కదా, అదే పని. చింతపండుకు బదులు రాగి, కోబాల్టు ఉన్న ముడిరాయిని పొడికొట్టి వేస్తాం. నీళ్ళకు బదులు ఆసిడ్ పోస్తాం. చేత్తో పిసకడానికి బదులు మోటారు పెట్టి కలుపుతాం. రాయిలోని లోహం ఆసిడ్‌లోకి దిగుతుంది. ఆ నీళ్ళలోంచి ముందు రాగిని, తర్వాత కోబాల్టును విడదీస్తాం. రాగి నీళ్ళు నీలంగా, కోబాల్టు నీళ్ళు గులాబీ రంగులో ఉంటాయి కాబట్టి చూడ్డానికి వచ్చిన పెద్దలకు ఫొటోలు బాగా వస్తాయి. బ్యాటరీలకు కోబాల్టు కావాలి, దేశానికి బ్యాటరీలు కావాలి, అందుచేత మేము కావాలి అని మా డైరెక్టరు విశ్వపతి గారు ఏ సభలోనైనా మూడు ముక్కల్లో తేల్చేసేవారు.

నా పేరు అచ్యుతం, హోదా సీనియర్ కెమిస్టు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను కనిపెట్టింది ఏమీ లేదు గానీ, క్యాంటీన్ వార్షికోత్సవంలో ఒకసారి సీసపద్యం చదివాను. ఆ పాపం ఊరికే పోలేదు. రికార్డులన్నీ నూటికి నూరుపాళ్ళు తెలుగులో ఉండాలని ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు రాగానే, పరిపాలనాధికారి లింగేశ్వరరావు గారు నన్ను పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించారంటే ఏదో అంటగట్టబోతున్నారని అర్థం.

“పై ఉత్తర్వు మేరకు నలుబది ఐదు దినములలోగా రిజిస్టరులయందు ఒక్క ఆంగ్ల పదమైనను కనిపించరాదు. కనిపించినచో పదమునకొక మెమో. తమరు పద్యములు చదువుదురు గనుక, భాషా అమలు అధికారిగా తమకు అదనపు బాధ్యత అప్పగించడమైనది.”

లింగేశ్వరరావు గారు ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారని వినికిడి. పొద్దున్నే భార్యతో “కాఫీ కోరడమైనది” అంటారట.

నిజం చెప్పొద్దూ, నేను పొంగిపోయాను. మూడు వారాలు తలుపేసుకుని కూర్చుని మూడు వందల పన్నెండు మాటలకు తెలుగు చేశాను. వాల్వును కవాటం అన్నాను. ఫిల్టరును గాలనయంత్రం అన్నాను. గొట్టాన్ని నాళం అన్నాను, గొట్టం అప్పటికే తెలుగు మాట అయినా. ఊపు మీదున్న మనిషికి ఎక్కడ ఆగాలో తెలీదు. ట్యాంకు, ఆసిడ్ మాత్రం తెలుగు మాటలే అనుకుని వదిలేశాను.

ఇక అసలు మాట దగ్గరికి వస్తాను. లోహం నిండుగా కరిగిన ఆసిడ్ నీళ్ళను ఇంగ్లీషులో ప్రెగ్నెంట్ లిక్కర్ అంటారు. లోహం తీసేశాక మిగిలిన ఉత్త నీళ్ళను బ్యారెన్ లిక్కర్ అంటారు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. ఈ చదువు చదివిన వాళ్ళనెవరినైనా అడగండి, నవ్వకుండా చెబుతారు. లిక్కర్ అన్నదాన్ని మద్యం అని రాస్తే ఎక్సైజు వాళ్ళు వచ్చి పడతారని నాకు తట్టింది. అందుకని ఆ ముక్కను తెలివిగా వదిలేసి, నిండు నీళ్ళున్న ట్యాంకుకు ‘గర్భిణి’ అనీ, ఉత్త నీళ్ళున్న ట్యాంకుకు ‘వంధ్య’ అనీ పేర్లు పెట్టాను. ఎక్సైజు వాళ్ళు రాకుండా చూసుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మహిళా సంక్షేమం వాళ్ళు వస్తారన్నది తట్టలేదు.

జాబితా పూర్తయిన రోజున పైకి చదువుకుంటూ మురిసిపోతుంటే, శాంపిల్ సీసాలు పట్టుకుని నూకరత్నం లోపలికి వచ్చింది. నూకరత్నం మా దగ్గర తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. రెండు గంటలకోసారి ట్యాంకుల మెట్లెక్కి, సీసాలతో నీళ్ళు ముంచి, పరీక్షకు తెచ్చి ఇవ్వడం ఆమె పని. రంగు చూసి అందులో రాగి ఎంతుందో మా మిషను కంటే ముందే చెప్పేది. మిషను చెప్పింది తప్పయినప్పుడు ఆమె చెప్పింది రాసుకునేవాళ్ళం.

“చిక్కపులుసు అనీవోళ్ళం కదు బాబూ,” అంది నా జాబితా విని. “చిక్కపులుసు, నీరుపులుసు, అడుగున మిగిలింది పిప్పి. ఇన్నాళ్ళూ అలగే అన్నాం. ఎవులికీ అర్థం అవ్వకపోనేదు.”

“అవి వంటింటి మాటలమ్మా. ఇది శాస్త్రం,” అన్నాను.

ఆ మాట అన్న నాలుకను ఇవాళ ఏం చేసుకోవాలో తెలీడం లేదు. ఆమె మాత్రం ఏమీ అనుకోలేదు. సీసాలు బల్ల మీద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

“ఇంకో ముక్క ఉన్నాది బాబూ. నాకు మూడో నెల. ఇదివరకు రెండుమాట్లు పోనాది, మీకు తెలుసు కదేటి. డాక్టరమ్మ ఈసారి ఎనిమిదో నెల వస్తే మెట్టెక్కొద్దని సెప్పినాది. పది రోజులు రాపోతే కాంట్రాక్టరు పేరు కొట్టీసి ఇంకొకర్ని ఎట్టీసుకుంతాడు. ఆపీసు నుంచి సెలవు కాగితం ఉంతే కొట్టలేడట.”

“ఆ సంగతి నాకొదిలెయ్యి. కాగితం నేను తెప్పిస్తాను,” అన్నాను. మూడు వందల పన్నెండు మాటలు పుట్టించిన వాడికి ఒక్క సెలవు కాగితం ఒక లెక్కా అనుకున్నాను.

ఆ నెల నివేదిక నా తెలుగులో ప్రధాన కార్యాలయానికి వెళ్ళింది. ‘ట్యాంకు-3: గర్భిణి. ట్యాంకు-4: వంధ్య.’ అక్కడ నివేదికలను మనుషులు చదవరు. కంప్యూటరు చదివి, ఏ మాట ఏ శాఖకు చెందుతుందో చూసి ఆ శాఖకు పంచుతుంది. పదో రోజున అక్కడి మహిళా సంక్షేమ శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ‘మీ కేంద్రమునందు ఒక గర్భిణి కలదని నివేదిక వలన తెలియుచున్నది. ఆమె పేరు, హోదా, నియామక తేదీ, నెలలు తక్షణము తెలుపవలెను.’

నేను ఉత్తరం పట్టుకుని లింగేశ్వరరావు గారి గదికి పరిగెత్తాను.

“సార్, అది మనిషి కాదు, ట్యాంకు అని ఒక్క ముక్క రాసేద్దాం.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “అచ్యుతం గారూ, ప్రధాన కార్యాలయము ‘ఆమె’ అన్నది. ఆమె కాదని మనము అనుట ధిక్కారము క్రిందకు వచ్చును. వారడిగినవి నాలుగు వివరములు. నాలుగే ఇచ్చెదము.”

ఇచ్చారు కూడా. పేరు: ట్యాంకు-3. హోదా: శాశ్వతం. నియామక తేదీ: ప్లాంటు ప్రారంభోత్సవం నాటిది. నెలల దగ్గరికి వచ్చేసరికి, ఆసిడ్ పోసి ఎన్నాళ్ళయిందని నన్నడిగారు. నాలుగు రోజులన్నాను. ‘నాలుగు’ అని రాశారు.

అంతే, అక్కడి నుంచి దయ వరదలా వచ్చి పడింది. సదరు గర్భిణికి నీడ కల్పించాలన్నారు, ట్యాంకు మీద పందిరి వేయించాం. ఆనుకోవడానికి కుర్చీ ఇవ్వాలన్నారు, పక్కన కుర్చీ వేశాం. కుదుపులు తగలరాదన్నారు, కలిపే మోటారు ఆపేశాం. ఆసిడ్ సోకరాదన్న చోట మాత్రం చిక్కొచ్చి పడింది. మా ట్యాంకు బతుకంతా ఆసిడ్‌లోనే. పోనీ ఖాళీ చేద్దామంటే లింగేశ్వరరావు గారు ఒప్పుకోలేదు.

“ఖాళీ చేసినచో గర్భస్రావమగును. దానిపై వేరుగా విచారణ సంఘము వేయవలసి వచ్చును. తమరు పద కర్తలు గదా, ఏదేని మార్గము చూడుడు.”

పద కర్త అనేసరికి నేను ఐసైపోయాను. ఆ సాయంత్రానికల్లా రిజిస్టర్లన్నిట్లో ఆసిడ్ అన్న చోటల్లా ‘పోషకద్రవం’ అని దిద్దించాను. షెడ్డు గోడ మీద పుర్రె, ఎముకల బొమ్మ వేసి ‘ప్రమాదం, ఆసిడ్’ అని రాసి ఉన్న బోర్డు దింపించి, ‘పోషకద్రవం, గర్భిణికి మాత్రమే’ అని కొత్త బోర్డు పెట్టించాను. దస్తూరి కూడా నాదే.

మూడో ట్యాంకు కదిలితేనే మిగతా ట్యాంకులకు పని. అది పందిరి కింద సేద తీరుతోంది కాబట్టి ప్లాంటు మొత్తం ఆగిపోయింది. ఆ త్రైమాసికంలో రాగి సున్నా, కోబాల్టు సున్నా. గర్భిణీ సంరక్షణ లక్ష్యంలో మాత్రం నూరు శాతం. మా కేంద్రానికి ఏ విషయంలోనైనా నూరు శాతం రావడం అదే మొదలని డైరెక్టరు గారు అందరికీ మైసూర్‌పాకులు పంచారు. నేనూ రెండు తిన్నాను.

ఆ మోటారు ఆగినా నూకరత్నం పని ఆగలేదు. గర్భిణి ఆరోగ్యం ఎలా ఉందో రెండు గంటలకోసారి పరీక్షించి పంపమని పైనుంచి ఇంకో ఉత్తర్వు. ఆమె కడుపుతో పద్దెనిమిది మెట్లెక్కి, ఏమీ మారని నీళ్ళు ముంచి తెచ్చేది. నేను వాటిని పరీక్షించి ‘తల్లి క్షేమం’ అని రాసేవాణ్ణి.

నెలనెలా పోషకాహారం బుట్ట కూడా వచ్చేది. రాగిపిండి, బెల్లం, వేరుశనగ అచ్చులు, ఖర్జూరం. ట్యాంకు పేరు రాసిన చీటీ అంటించి ఉండేది. దాన్ని కుర్చీలో పెట్టి, లబ్ధిదారుకు ముట్టినట్టు సాక్షి సంతకం నేను పెట్టాలి. రెండో రోజుకు చీమలు పట్టేవి, మూడో రోజున వినియోగమైనట్టు ఇంకో సంతకం. ఒకసారి ఉండబట్టలేక ఖర్జూరం పొట్లం తీసి నూకరత్నానికి ఇవ్వబోయాను. లింగేశ్వరరావు గారు కిటికీలోంచి చూశారు.

“లబ్ధిదారు వేరు, ఈమె వేరు,” అన్నారు.

“ఒద్దులెండి బాబూ,” అంది నూకరత్నం. “దాని నోటికాడది నానెందుకు తింతాను.”

ఆ మాటకు నేను నవ్వాను. ఆమె నవ్వలేదని తర్వాత గుర్తించాను.

రిజిస్టరు లెక్కన ట్యాంకుకు ఏడో నెల వచ్చింది. గర్భిణులున్న ప్రతి కేంద్రమూ సీమంతం జరిపి ఫొటోలు పంపాలని ఉత్తర్వు. గాజుల కొట్టుకు నన్నే పంపారు. కొట్టువాడు చేతి కొలత అడిగితే కవాటం పిడి కొలత చెప్పాను. వాడు నా ముఖంలోకి చూసి, “అమ్మగారికి ఒళ్ళు బాగా వచ్చినట్టుందండి,” అన్నాడు. కాదని చెప్పే ఓపిక లేక అవునన్నాను.

ట్యాంకుకు పసుపు రాశారు, బొట్టు పెట్టారు. పట్టుచీర చుట్టబోతే సరిపోక షామియానా గుడ్డ చుట్టారు. పిడికి గాజులు తొడిగి, తొమ్మిది రకాల పిండివంటలు కుర్చీలో సర్దారు. డైరెక్టరు గారు మైకు అందుకున్నారు.

“లోకం ఇనుములో ఇనుమునే చూస్తుంది. ఒక ఇనుప పాత్రలో మాతృమూర్తిని దర్శించిన ఏకైక సంస్థ మనది. ఈ దర్శనానికి కారకులు మన అచ్యుతం గారు.”

అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను, వినయంతో వంచుకున్నట్టే కనిపించింది. పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డది నూకరత్నం. నిజంగా ఏడో నెల ఆమెదే. హారతి ఇవ్వడానికి వచ్చిన డైరెక్టరు గారి భార్య ఆమె వైపు చూసి, “ఈ అమ్మాయికి కూడా నెలలు నిండుతున్నట్టున్నాయే,” అన్నారు. వెంటనే అందరికీ ఎక్కడెక్కడి పనులో గుర్తొచ్చాయి. ఆవిడ ఒక్కరే పళ్ళెంలో మిగిలిన రెండు గాజులు తీసి నూకరత్నం చేతికి తొడిగారు. ఫొటోగ్రాఫరు అప్పుడు ట్యాంకును తీస్తున్నాడు.

ఎనిమిదో నెల రాగానే నూకరత్నం సెలవు దరఖాస్తు నేనే రాశాను. ‘ఆసన్నప్రసవనగు నేను’ అని మొదలుపెట్టి రెండు పేజీలు లాగించాను. లింగేశ్వరరావు గారు మొత్తం చదివి, భాష బాగుందన్నారు.

“మంజూరు చేయుటకు అభ్యంతరము లేదు. ఖాళీ లేదు.”

“దేనిలో ఖాళీ సార్?”

“కేంద్రమునకు ఒక గర్భిణికి మాత్రమే సెలవు అనుమతించబడినది. ఆ స్థానమున ట్యాంకు-3 ఉన్నది. అది శాశ్వతము, ఈమె కాంట్రాక్టు. సదరు ట్యాంకు ప్రసవించిన పిమ్మట ఈమె గర్భమును సీనియారిటీ ప్రకారము పరిశీలించెదము.”

“పోనీ రేపే మోటారు వేసి, రాగి తీసేసి, ట్యాంకు ప్రసవించిందని రాసేస్తాను.”

“రాయవచ్చును. ఆ దినము నుండి దానికి ఇరువది ఆరు వారముల సెలవు ప్రారంభమగును.”

బయట మెట్ల మీద నూకరత్నం కూర్చుని ఉంది. పాదాలు వాచి చెప్పులు పక్కన విప్పుకుంది. ఏమన్నారని అడిగింది.

“పరిశీలనలో ఉందమ్మా.”

“నా కడుపు పరిశీలనలో ఉందేటి బాబూ? డాక్టరమ్మ సూసింది కదా, అది సాలదా?”

సిగ్గేసింది. ఇరవై ఏళ్ళలో నాకు అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. తిన్నగా డైరెక్టరు గారి గదికి నడిచాను. ఆ మాట తప్పు, చిక్కపులుసు అనాలి, వాళ్ళ మాటే సరైనది, నా అహంకారం వల్ల ఇదంతా జరిగింది, నన్ను సస్పెండ్ చేయండి. దారి పొడుగునా ఇవే మాటలు వల్లె వేసుకున్నాను.

తలుపు తీసేసరికి ఆయన శాలువా పట్టుకుని ఎదురొచ్చారు.

“వందేళ్ళు నీకు. ఇప్పుడే ఫోనొచ్చింది. నీ పదకోశానికి భాషా పురస్కారం ఇచ్చారు. ‘గర్భిణి’ అన్న ప్రయోగాన్ని ప్రత్యేకంగా మెచ్చుకున్నారట. ఇంతకీ ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు?”

“కృతజ్ఞతలు చెబుదామని వచ్చానండి,” అన్నాను.

శాలువా కప్పుకునే ఇంటికి వెళ్ళాను. ఎండాకాలం. దారిలో చెమటలు కారుతున్నా తీయలేదు.

రెండు రోజుల తర్వాత నూకరత్నం ట్యాంకు మెట్ల మీద పదో మెట్టు దగ్గర కూర్చుండిపోయింది. చేతిలో సీసాలు పగిలాయి. కళ్ళు తిరిగాయంది, కడుపులో పోటు అంది. నలుగురం పట్టుకుని కిందికి దించి, జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంకొక్క మెట్టెక్కితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ నాతోనే చెప్పింది, నేనేదో ఆమె అన్నగారిని అనుకుని. కాంట్రాక్టరు మాత్రం పది రోజులని కబురు పెట్టాడు. పదకొండో రోజున ఇంకొకరు చేరతారట.

ఆరో రోజున లింగేశ్వరరావు గారి గదికి వెళ్ళి, కుర్చీ చూపించకుండానే కూర్చున్నాను. అక్కడి నుంచి లేవనని చెప్పాను. ఆయన చాలాసేపు ఫైలు చూశారు. తర్వాత దాన్ని మూసేసి, నేను ఎన్నడూ వినని గొంతుతో మాట్లాడారు.

“ఇదిగో అచ్యుతం, మనిషికి సెలవిద్దామంటే రూలు లేదయ్యా. ట్యాంకుకు ఇచ్చే ఉన్నాం. ఆ పిల్లనే ట్యాంకు చేసేస్తే పోదూ?” అని, కళ్ళజోడు పెట్టుకుని, “అని అభిప్రాయపడడమైనది,” అన్నారు.

నేను వాదించి ఉండాల్సింది. నాకు తట్టింది మాత్రం, ట్యాంకుకు అనుబంధ ట్యాంకు ఉండవచ్చు కదా అని. ఆస్తుల రిజిస్టరు తెప్పించి, ఆసుపత్రికి పట్టుకెళ్ళి, మంచం పక్కనే కూర్చుని నింపాను. పరికరం పేరు: ట్యాంకు 3-ఎ. ఎత్తు: ఐదడుగులు. తయారైన సంవత్సరం దగ్గర ఆమె పుట్టిన సంవత్సరం, సరఫరాదారు దగ్గర ఆమె తండ్రి పేరు రాశాను. ‘గతంలో జరిగిన మరమ్మతులు’ అని ఒక గడి ఉంది. దాని దగ్గర కలం ఆగింది.

“ఏటడుగుతున్నాది బాబూ అది?”

చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగింది.

“రెండు అని రాయండి.”

రాశాను. ప్రస్తుత స్థితి: గర్భిణి. నేను పుట్టించిన ఆ మాటను మనిషి విషయంలో వాడడం అదే మొదటిసారి.

“అయితే ఇకమీదట నాను ఇనప మనిసినేటి?”

“కాగితం మీదేనమ్మా.”

“కాగితం మీద నానెప్పుడు మనిసినున్నాను లెండి. కాంట్రాక్టరు పుస్తకంలో నంబరే కదా,” అని సంతకం పెట్టింది.

సెలవు పదకొండు నిమిషాల్లో మంజూరైంది. అనుబంధ ట్యాంకును తొమ్మిది నెలల పాటు కదపరాదని ప్రధాన కార్యాలయం తనంతట తనే ఉత్తర్వు ఇచ్చింది. ఖర్జూరం బుట్ట ఆసుపత్రి మంచం దగ్గరికే చేరింది. నెల తిరక్కుండా ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు విన్న రోజున నేను పిల్లాడిలా ఏడ్చాను, అది ఆనందమో పశ్చాత్తాపమో విడదీసే విద్య నాకు తెలీదు.

ఆ తొమ్మిది నెలలూ నాకు ఒకటే పని. ఆమెను తిరిగి మనిషిని చేయాలి. మనిషిని ట్యాంకు చేయడానికి ఒక గడి నింపితే చాలింది, ట్యాంకును మనిషి చేయడానికి ఏ ఫారమూ లేదు. ఫారం లేకపోతే నేనే తయారుచేశాను. దానికి ‘పునర్మానవీకరణ’ అని పేరు పెట్టాను, బుద్ధి ఎక్కడికి పోతుంది. పద్నాలుగు ఉత్తరాలు రాశాను, రెండుసార్లు ప్రధాన కార్యాలయానికి వెళ్ళి కంప్యూటరు ఉన్న గది ముందు నిలబడ్డాను. చివరికి ఆమె మళ్ళీ పనిలో చేరే రోజుకు ఉత్తర్వు చేతికొచ్చింది. నా సర్వీసులో నేను పూర్తి చేసిన మొదటి పని అదేనేమో.

ఆ రోజే ఆస్తుల వార్షిక తనిఖీ. బయటి నుంచి తనిఖీ అధికారి వచ్చి, జాబితాలోని ప్రతి వస్తువూ ఉందో లేదో కళ్ళతో చూసి టిక్కు పెట్టుకుంటున్నాడు. నూకరత్నం పాపను చంకనేసుకుని మూడో ట్యాంకు దగ్గర నిలబడి ఉంది. నేను ఉత్తర్వును ఆమె ముందు గొప్పగా విప్పాను.

“నిన్ను మళ్ళీ మనిషిని చేసేశాను నూకరత్నం. ఇక్కడొక సంతకం పెట్టు.”

ఆమె కాగితం అందుకోలేదు. చుట్టూ చూసింది.

“పోలమ్మ ఏదీ బాబూ? పంపుల కాడ అప్పలకొండేడీ?”

జరిగింది చెప్పాను. ఆమె సెలవులో ఉండగా కాంట్రాక్టు మారింది. కొత్త కాంట్రాక్టరు పాత వాళ్ళు ఇరవై రెండు మందినీ తీసేసి, తన మనుషులను పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళు చేసిన వాళ్ళు కూడా ఉన్నారు అందులో. ఒక్క సాయంత్రంలో ముగించేశారు.

“మరి నన్నెందుకు తియ్యనేదు?”

లింగేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. “స్థిరాస్తిని తొలగించవలెనన్నచో ఏడుగురు సభ్యుల సంఘము కూర్చుని, పనికిరాదని ఏకగ్రీవముగా తీర్మానించవలెను. ఆ సంఘము ఇప్పటివరకు కూర్చొని ఎరుగదు.”

నూకరత్నం నా చేతిలోని కాగితం వైపు ఒకసారి చూసింది.

“అది మడిసీసుకోండి బాబూ. మీరు కష్టపడి తెచ్చినారు, కాదననేను. మనిసినైతే ఆళ్ళతో పాటే పోదును కదేటి. ట్యాంకుగానే ఉండనివ్వండి.”

నేను కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటుండగా తనిఖీ అధికారి మా దగ్గరికి వచ్చాడు. చేతిలో అట్ట, అట్టకు జాబితా.

“ట్యాంకు మూడు,” అన్నాడు. చూశాడు, టిక్కు పెట్టాడు. “ట్యాంకు మూడు-ఎ.”

“ఉన్నానండి,” అంది నూకరత్నం.

ఆయన టిక్కు పెట్టాడు. తర్వాత కలంతో పాప వైపు చూపించాడు. “ఇది జాబితాలో లేదే?”

“సదరు ట్యాంకునకు అనుబంధము,” అన్నారు లింగేశ్వరరావు గారు. ఆయన మంచికే అన్నారు, గొంతులో తెలుస్తూనే ఉంది. “ఇప్పుడే చేర్చవచ్చును. చేర్చినచో జన్మాంతము తొలగించు వారుండరు.”

అప్పటికే నా కలం మూత తీసి ఉంది. మాట కూడా దానంతటదే తయారైంది, ‘ఉపపాత్ర’ అని. చక్కటి మాట.

నూకరత్నం పాప ముఖం మీద కొంగు కప్పేసింది.

“దాన్ని రాయకండి బాబూ. నాకంటే దారి నేకపోయింది, నాను ట్యాంకునై పడుంతాను. అది మనిసి. మనిసిగానే ఉండనివ్వండి దాన్ని.”

తనిఖీ అధికారి ఆమెను చూశాడు, కొంగును చూశాడు, జాబితాను ఇంకోసారి చూశాడు. “సరే, ఇక్కడ ఇంకేమీ లేదు,” అని రాసుకుని పంపుల గది వైపు కదిలాడు. నేను కలానికి మూత పెట్టి ఆయన వెనకాలే నడిచాను.